బుర్గా సీసాల్లో దాచిన సెకన్లు

పొద్దున్న ఏడింటికి ఫేజర్ కెమెరా ఫ్యాక్టరీ సైరన్ మోగేసరికి బుర్గా ష్టీర్లే తన బల్ల దగ్గర కూర్చుని, ఏప్రన్ నాడాలు బిగించి, ఎడమ చెవి మీద పడ్డ జుట్టు వెనక్కి దోపుకునేది. ఆ చెవితోనే ఆవిడ ఉద్యోగం. కుడి చెవి మామూలుదే. దాన్ని పక్క బల్ల లోరే హేబర్లే కబుర్లకి వదిలేసేది.

ఆమ్‌సెల్ కెమెరా ఏది తయారైనా ఊరు దాటేముందు బుర్గా చేతిలోకి రావాల్సిందే. ఆవిడ దాన్ని చెవికి ఆనించుకుని, మీట ఒక సెకను మీద పెట్టి నొక్కేది. లోపల చిన్న చక్రాలు బర్రుమని తిరుగుతుంటే, అందరం లెక్కపెట్టినట్టే మనసులో "ఇరవై ఒకటి" అనుకునేది, మా భాషలో ఆ మాట అనడానికి సరిగ్గా ఒక సెకను పడుతుంది. ఆ మాట పూర్తికాకముందే షట్టర్ మూసుకుంటే కెమెరా వెనక్కి పోయేది. పూర్తయ్యాక కూడా ఈడుస్తుంటే వెనక్కే. రెండూ కలిసి ముగిస్తే ఆకుపచ్చ చీటీ కట్టి పక్కన పెట్టేది. అప్పుడు బల్లమీద పరిచిన తెల్లకాగితం మీద ఒక సెకను రాలిపడేది.

ఫిల్ము ఉన్న కెమెరాలో అయితే సెకను ఫిల్ముకి అంటుకుపోతుంది. ఫిల్ము లేకపోతే పాపం అదెక్కడికి పోతుంది, కిందే పడుతుంది. గసగసాలంత ఉండేది, కాస్త వెచ్చగా. పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో వాటిని సాయంత్రం చీపురుతో ఊడ్చి పారేస్తారని మా ఏకిన్‌జెన్‌లో చెప్పుకునేవాళ్ళు. ఎంత పొగరు చూడండి! జర్మనీలో మా స్వాబియా వాళ్ళకి దారపు ముక్క పారేయాలన్నా ప్రాణం ఉసూరుమంటుంది. పెద్దాయన ఫేజర్ మొదటిరోజే చెప్పేశాడు: "ఇత్తడి రజను ఫ్యాక్టరీది. సెకన్లు ఎవరి బల్లమీద రాలినవి వాళ్ళవి."

బుర్గా వాటిని మెత్తటి కుంచెతో కాగితం చివరికి తోసి, కుట్టుపనిలో వేలికి పెట్టుకునే తొడుగులో పోసుకునేది. చిటికెడు చల్లితే చల్లినవాళ్ళకీ, చేతికందేంత దూరంలో ఉన్నవాళ్ళకీ అంతసేపు మిగిలేది. మిగతా ఊరు ఎక్కడిదక్కడ ఆగేది. బేకరీ ఆవిడ బ్రెట్జెల్‌లు మాడే వేళకి ఏప్రన్‌తోనే పరిగెత్తుకొచ్చేది, "బుర్గా, ఒక్క పావు నిమిషం పెట్టమ్మా!" అని. ఒకసారి మంత్రసాని ఓయ్‌లర్ సగం తొడుగు పట్టుకుపోయింది, బిడ్డ మెడకి పేగు చుట్టుకుందని. ఆ బిడ్డకి బుర్గా పూర్తిపేరే, వాల్‌బుర్గా అని పెట్టుకున్నారు. ఫుట్‌బాల్ గోల్‌కీపర్ వచ్చి తల గోక్కుంటే మాత్రం బుర్గా కుంచె చూపించి తరిమేసింది.

ఎదుటివాళ్ళకి ఇవ్వడానికి ఆవిడ ఏనాడూ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ రోజు బల్లమీద పడ్డవాటిలోంచి ఎంత కావాలంటే అంత ఇచ్చేది. మిగిలినవి ఇంటికి తీసుకెళ్ళి నేలమాళిగలో చెర్రీ సీసాల పక్కన, రేగు సీసాల వెనక, గాజుసీసాల్లో పోసి, మూత బిగించి, ఏడాది రాసిన చీటీ అంటించేది. వాటిలోంచి ఒక్క సెకను తనకోసం తీసుకోలేదు.

"దేనికే ఆ దాపరికం? నీతోపాటు పాతిపెట్టమంటావా?" అనేది లోరే.

"చెడ్డరోజులకి," అనేది బుర్గా. మా ఊళ్ళో ఆ మాటన్నాక ఇంకెవరూ తర్కం పెట్టుకోరు.

ఆ ఫ్యాక్టరీ సంగతి కూడా చెప్పాలి. యుద్ధం ఆగిన రెండేళ్ళకి, నలభై ఏడులో, బనియన్లు అల్లే పాత షెడ్డులో ఆల్బ్రెక్ట్ ఫేజర్ దాన్ని మొదలుపెట్టాడు. అల్యూమినియం దొరక్క ఇల్లిల్లూ తిరిగి సొట్టలుపడ్డ గిన్నెలు అడుక్కున్నాడు. ఆడవాళ్ళు తిట్టుకుంటూనే ఇచ్చారు. అలా మొదటి ఆమ్‌సెల్‌లలో మా ఊరి వంటిళ్ళు సగం కరిగి ఉన్నాయి. గుర్రపు జీనులు కుట్టే ముసలాయన దగ్గర మిగిలిన తోలు తొడిగారు కాబట్టి మొదటి మూడొందలూ గోధుమరంగువి. కన్ను పెట్టుకుని చూసే అద్దం వెంట్రుకవాసి కిందికి బిగించారు కాబట్టి ఆ ఏడాది పెళ్ళిఫోటోల్లో ఒక్క పెళ్ళికొడుక్కీ తల లేదు. "పెళ్ళయ్యాక తలతో పనేంటి?" అని ఫేజర్ నవ్వేశాడుగానీ, రాత్రంతా కూర్చుని అద్దం సరిచేశాడు. రెండో ఆమ్‌సెల్‌కి అందరికీ తలలొచ్చాయి. మూడోదానికి దూరం కొలిచే ఏర్పాటొచ్చింది. అది స్వీడన్ వెళ్ళింది, అర్జెంటీనా వెళ్ళింది. షెడ్డులో డెబ్భైమంది అయ్యారు. అరచేతిలో ఇమిడే నల్లటి పెట్టె, ఆమ్‌సెల్ అంటే నల్లపిట్ట. అదంటే మా అందరికీ ఎంత ముద్దో చెప్పలేను.

అందులో సెకను మాత్రం హెల్మార్ త్సీగ్లర్‌ది. షట్టర్‌ని నిదానంగా మూసే పళ్ళచక్రాలు చేసేవాడు ఆయనే. డ్రెస్డెన్ నుంచి ఒక చెక్కపెట్టెలో ఆకురాళ్ళు, పట్టకార్లు పెట్టుకుని నడిచొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా పైబొత్తాం ఎప్పుడూ పెట్టుకుని ఉండేవాడు. చేతిపనిలో ఆయన్ని మించినవాడు లేడు. మాట మాత్రం, అబ్బో, ఏం చెప్పమంటారు! ప్రతి మాటనీ చక్రం పళ్ళు చూసుకున్నట్టు నాలుగువైపులా తిప్పి చూసుకున్నాకే బయటికి వదిలేవాడు. గుమ్మం దగ్గర "శుభో" అంటే బుర్గా బల్ల దగ్గర "దయం" అయ్యేది.

ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక ఎవరికుంది? అందరూ తలా ఒక చెయ్యేసి పూర్తిచేసేవాళ్ళు. లోరే అయితే మరీనూ.

యాభై రెండు మార్చిలో ఒకరోజు ఆయన షట్టర్ల పళ్ళెం బుర్గా ముందు పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"బుర్గా గారూ… మీకు… అభ్యంతరం లేకపోతే… ఆదివారం…"

"ఆదివారం కిటికీలు తుడవాలా?" అంది లోరే. "శనివారమే తుడిచేస్తాం లెండి! పాపం, ఎంత శ్రద్ధండీ మీకు!"

హెల్మార్ నోరు మూసుకుని, తలవంచి వెళ్ళిపోయాడు. బుర్గా ఆ రోజు మూడు మంచి కెమెరాల్ని వెనక్కి పంపేసింది. ఆవిడకి వినబడింది చక్రాల చప్పుడు కాదు మరి.

యాభై ఐదులో మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి "మనిద్దరం" దాకా వచ్చాడు. ఫలహారం సైరన్ మోగింది. యాభై ఎనిమిదిలో ఫ్యాక్టరీ విహారానికి సరస్సు దగ్గరికి వెళ్ళినప్పుడు పడవలో ఇద్దరే ఉన్నారు. అప్పుడైనా చెప్పేవాడేగానీ, పడవ అద్దె గంటకే కావడంతో ఒడ్డునుంచి కేకలేశారు. బుర్గా మాత్రం తక్కువదా? ఆయన గొంతు సవరించుకుంటే చాలు, ఈవిడ గుండె కొట్టుకోవడం ఎడమ చెవిలోకి వినబడేది. అయినా "మీరేదో అనబోయారు, చెప్పండి" అని ఒక్కసారీ అడగలేదు. మాటలు కూడా చెర్రీల్లా మూతపెట్టి దాచుకునే మనిషి. పదహారేళ్ళూ "మీరు", "గారు" అనుకుంటూనే గడిపేశారు.

అరవై రెండులో ఫేజర్ ఒక జపాను కెమెరా కొనుక్కొచ్చి, బల్లమీద పెట్టి, మరలన్నీ ఊడదీశాడు. మేమంతా చుట్టూ మూగాం. రోజంతా చూశాడు. సాయంత్రం మళ్ళీ ఒక్కొక్క మర బిగించి, "బాగా చేశారు," అని టోపీ పెట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆమ్‌సెల్‌లు అరల్లోనే కూర్చున్నాయి. అరవై మూడు ఏప్రిల్‌లో ఒక శుక్రవారం ఆఖరి రోజని చెప్పేశారు.

ఆ శుక్రవారం ఫేజర్ అందరినీ వరసగా పిలిచి, మిగిలిన కెమెరాలు తలా ఒకటి చేతిలో పెట్టాడు. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని ఊపుతుంటే ఆయన గడ్డం వణికింది. మగాళ్ళంతా కిటికీలోంచి బయటికి చూశారు. లోరే మాత్రం భోరుమని ఏడ్చి, ఏప్రన్‌తో ముక్కు తుడుచుకుని, బుర్గాని మూలకి లాక్కెళ్ళింది.

"విన్నావా? త్సీగ్లర్ గారికి బ్రౌన్‌ష్వైగ్‌లో పని దొరికిందట. రేపు పది నలభై రెండు బండికి పోతున్నాడు. ఇంక రాడు."

"విన్నాను."

"విని?"

"విని ఏం చేస్తాను? మంచి పనే అయ్యుంటుంది."

"నీ మొహం! పదకొండేళ్ళనుంచి ఆయన నీకేదో చెప్పాలని చస్తున్నాడు. నేనే అడ్డుపడ్డాననుకో, నా నోటికి తాళం లేదు, దేవుడు క్షమించాలి. నీ దగ్గర సీసాలకి సీసాలు కాలం ఉంది కదే! ఒక్క సీసా విప్పితే ఆ మనిషి తాపీగా చెప్పుకుంటాడు కదా!"

"అవి చెడ్డరోజులకి, లోరే."

లోరే నడుంమీద చేతులు పెట్టుకుంది. "రేపటికంటే చెడ్డరోజు ఇంకేం ఉందే నీకు?"

బుర్గా ఏప్రన్ విప్పి, మడిచి, చంకలో పెట్టుకుంది. ఇంటికెళ్ళి, పప్పు వేడిచేసుకుని, తినకుండా గిన్నెమీద మూతపెట్టేసింది. ఆయన లేని ఊరు ఎలా ఉంటుందో మొదటిసారి ఊహించుకుంది. పొద్దున్న ఎవరూ గుమ్మం దగ్గర ఒక మాట మొదలుపెట్టి బల్ల దగ్గర ముగించరు. ఆ ఊహ ఆవిడ భరించలేకపోయింది.

శనివారం పదింబావుకి మెట్లు ఊడ్చేవాళ్ళంతా చీపుళ్ళు ఆపి చూశారు. బుర్గా ష్టీర్లే చర్చికి వేసుకెళ్ళే నీలం గౌను తొడుక్కుని, చేతిబండిలో పదహారు గాజుసీసాలు గడ్డి మధ్య పేర్చుకుని, స్టేషను వీధిలో గడగడమని లాక్కుంటూ పోతోంది. మెడలో ఆమ్‌సెల్ వేలాడుతోంది. వెనక లోరే బండి తోస్తోంది. ఎవరూ ఏమీ అడగలేదు. మా ఊళ్ళో అందరికీ అన్నీ తెలుసు.

హెల్మార్ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు, పక్కన పెద్ద పెట్టె, చేతిలో టోపీ. బుర్గాని చూడగానే చెవులు ఎర్రబడ్డాయి.

"శుభో…"

ఇంతలో ఎర్ర రైలుబస్సు వంపు తిరిగి వచ్చేసింది. మా స్టేషన్లో దానికి ఒక్క నిమిషమే హాల్టు. స్టేషన్ మాస్టర్ కూబ్లర్ మంచి మనిషేగానీ, గడియారం దగ్గర తండ్రినైనా ఖాతరు చెయ్యడు. హెల్మార్ పెట్టెని తనే లోపలికి ఎత్తేశాడు.

బుర్గా నలభై ఎనిమిది సీసా తీసి, గాలి చొరబడకుండా మూతకి వేసిన రబ్బరు రింగు కొస లాగింది. మూత కిందికి గాలి దూరి "చుయ్" మనాలి. అనలేదు. మూత ఊరికే చేతిలోకి వచ్చేసింది. లోపల బూడిదలాంటిది అడుగున అంటుకుని ఉంది. వేలు పెట్టి చూసింది, చల్లగా ఉంది.

యాభై రెండు తీసింది. అదీ అంతే. యాభై ఐదు. యాభై ఎనిమిది. లోరే కూడా గడ్డిలోంచి ఒక్కొక్కటీ లాగి మూతలు ఊడదీస్తోంది. ఒక్కదాన్లోనూ ఏమీ మిగల్లేదు.

"రింగులే!" అంది లోరే, ఒక రబ్బరు రింగు పట్టుకుని వంచితే అది పుల్లలా విరిగింది. "ఏ కాలంవే ఇవి?"

"అమ్మవి," అంది బుర్గా. "బాగానే ఉన్నాయి కదాని… కొత్తవి కొనడమెందుకని…"

పదహారేళ్ళ కాలం. తన పెళ్ళినాటి రబ్బరు రింగులు పారేయకుండా దాచుకున్న అమ్మ, వాటినే మళ్ళీ మళ్ళీ వాడిన కూతురు. ఎంత జాగ్రత్తగా దాచిందో అంత జాగ్రత్తగానూ పోగొట్టుకుంది. ఇలాంటి తెలివితక్కువ పని మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. బుర్గాకి కళ్ళనీళ్ళు జలజల రాలాయి.

"బుర్గా గారూ…" అన్నాడు హెల్మార్, ఒక కాలు మెట్టుమీద పెట్టి. "నేను… మీతో…"

కూబ్లర్ ఈల జేబులోంచి తీశాడు.

ఇక ఈ మనిషిని ఒక్కసారి కళ్ళారా చూసుకుందాం, ఫోటో అయినా మిగుల్తుంది అనుకుంది బుర్గా. కెమెరా ఎత్తి, అలవాటుగా మీట సెకను మీదికి తిప్పి, నొక్కేసింది. చక్రాలు బర్రుమన్నాయి. ఇరవై ఒకటి. టక్. అప్పుడు గుర్తొచ్చింది, అందులో ఫిల్ము వెయ్యలేదు. పదహారేళ్ళు ఫిల్ము లేకుండా నొక్కిన చెయ్యి, ఇవాళ ఒక్కరోజుకి ఫిల్ము కొనాలని దానికెలా తోస్తుంది?

కెమెరా కింద పట్టిన అరచేతిలో ఏదో వెచ్చగా పడింది. ఒకే ఒక్కటి.

కూబ్లర్ ఈల పెదాల దగ్గరికి చేరింది. మళ్ళీ తిప్పి నొక్కేంత వ్యవధి లేదు. ఆవిడ ఒక్క అంగలో హెల్మార్ పక్కకి చేరి, అరచెయ్యి విదిలించింది.

అన్నీ ఆగిపోయాయి. కూబ్లర్ బుగ్గలు ఉబ్బి ఉండిపోయాయి. లోరే నోరు తెరిచి ఉండిపోయింది, ఆవిడ జన్మలో మొదటిసారి చప్పుడు లేకుండా. ఇంజను పొగ రైలుబస్సు నెత్తిమీద కదలకుండా నిలబడింది. హెల్మార్ కళ్ళు మాత్రం కదిలాయి, ఆవిడ వైపు తిరిగాయి.

ఒక్క సెకను. ఆయనకి అందులో గొంతు సవరించుకోవడానికైనా చాలదు. ఆయన మాట ఆయన చెప్పేదాకా ఆగాలనే కదా ఇన్ని సీసాలు మోసుకొచ్చింది! బుర్గాకి భయమేసింది, సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా తనమీద తనకే కోపమొచ్చింది.

"వెళ్ళకు," అంది. "నువ్వంటే నాకిష్టం."

టక్.

ఈల మోగింది. కూబ్లర్ బండి కదలొచ్చని పచ్చబిళ్ళ ఎత్తాడు. హెల్మార్ మెట్టుమీది కాలు కింద పెట్టి, నోరు తెరిచాడు. జవాబు లోపలెక్కడో బయల్దేరింది. దానికి పళ్ళన్నీ సరిగా ఉన్నాయో లేదో ఆయన చూసుకుంటున్నాడు. తలుపు మూసుకుంది. రైలుబస్సు కదిలింది, వంతెన దాటింది, వంపు తిరిగి కనబడకుండా పోయింది. ఆయన ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు.

"అయ్యా, మీ పెట్టె వెళ్ళిపోయిందండీ!" అన్నాడు కూబ్లర్, గాభరాగా. "ట్యూబింగెన్ స్టేషన్‌కి ఫోన్ చేసి దింపించమంటారా? అయ్యా, మిమ్మల్నే!"

హెల్మార్‌కి వినబడలేదు. లోరే గాలి పీల్చుకుంది. బుర్గా చూపుడువేలెత్తింది.

"లోరే, నీకు దణ్ణం పెడతాను. ఆయన్ని చెప్పనీ."

లోరే రెండు చేతులతో నోరు మూసుకుంది. కూబ్లర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. సీసాల గడ్డిలో పిచ్చుకలు వాలాయి. చర్చిలో పదకొండు కొట్టారు. ఎవరూ కదల్లేదు. బుర్గా ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. తొందరేమీ అనిపించలేదు. ఉన్న కాలమంతా ఇటే వస్తోంది కదా అనిపించింది.

"ఉంటాను," అన్నాడు హెల్మార్ చివరికి. "యాభై రెండు మార్చినుంచి… నాకూ… ఇష్టం. కానీ… నా మాటలు… అందరూ… పూర్తిచేసేస్తారు. ఇకమీదట… అలా…"

"చెయ్యను," అనబోయి బుర్గా నాలుక కరుచుకుంది. ఆగింది.

"…అలా పూర్తిచేసేది…" హెల్మార్ ఊపిరి తీసుకున్నాడు. "…నువ్వే అవ్వాలి. ఇంకెవరూ కాదు."

బుర్గా ఏడుస్తూనే నవ్వింది. కెమెరాని పక్కకి జరిపి, ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్ళు తుడుచుకుంటూ వెక్కుతున్న లోరే వైపు హెల్మార్ ఒకసారి చూసి, మళ్ళీ బుర్గా వైపు తిరిగాడు.

"అయితే… మన…"

"పెళ్ళి జూన్‌లో," అంది బుర్గా.

హెల్మార్ వెంటనే తలూపాడు.